ఆ రాత్రి పులి ఏం తిన్నట్టు?

మొన్నొక పొద్దున మక్కా మసీదు ముంగిట పావురాలకి జొన్నలు చల్లి, గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టీ, మదీనా మీదుగా నడుచుకుంటూ నయాపుల్ దాకా వచ్చాను. అవతల అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కాలి. వంతెన నడిమధ్య ఒక ముసలాయన పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డాడు. తెల్ల టోపీ, మడమల పైకి కట్టిన లుంగీ, చేతిలో నల్ల కవరు. అందులోంచి ఎర్రటి ముక్క ఒకటి తీసి మూసీ మీదికి విసిరాడు. ముక్క ఇంకా కిందికి మళ్ళనే లేదు, హైకోర్టు గుమ్మటాల వైపు నుంచి ఒక గద్ద వాలుగా జారి వచ్చి కాళ్ళతో ఒడిసిపట్టింది. ఎక్కడా వాలలేదు. చాచిన రెక్కలు చాచినట్టే ఉంచి, తల వంచి, కాళ్ళు ముందుకి తెచ్చుకుని గాల్లోనే తినేసింది. రెండో ముక్కకి రెండు వచ్చాయి. ఐదారు ముక్కలయ్యేసరికి ఆయన నెత్తిన ఆకాశమంతా గద్దలే సుళ్ళు తిరుగుతున్నాయి. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదేమో. పాతబస్తీలో దాన్ని సద్కా అంటారు, మనిషి మీద ఉన్న గండం గడవాలని మూగజీవికి ఇంత పెట్టడం. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. కవరు అడుగున చేరిన నెత్తురు కనపడింది మరి. బస్సులో కూర్చున్నాక ఆ మొహం తిప్పుకోవడమే నన్ను పట్టుకుంది. పావుగంట ముందు నేను చేసిన పనీ ఆయన చేసిన పనీ ఒకటే కదా? ఆకలిగా ఉన్న పిట్టకి దానికి తగిన తిండి పెట్టడం. నాది పుణ్యమని నాకెలా తోచింది, ఆయనది చూడకూడనిదని ఎందుకు తోచింది?

జొన్నగింజలో నెత్తురు లేదనుకోవడం కూడా నాకు నేను చెప్పుకున్న మాటే. మిథిలానగరంలో మాంసం అమ్ముకుని బతికిన ధర్మవ్యాధుడు, తన దగ్గరికి ధర్మం తెలుసుకోవడానికి వచ్చిన కౌశికుడితో నాగలి గురించి మాట్లాడతాడు. దున్నేటప్పుడు మట్టిలో ఎన్ని ప్రాణాలు పోతున్నాయో లెక్క పెట్టావా అంటాడు. చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు అది తన వృత్తిని వెనకేసుకు రావడానికి చెప్పిన మాటలా అనిపించేది. ఇప్పుడలా అనిపించడం లేదు. నేను చల్లిన జొన్నలు పండిన చేలో ఎలుకలకి మందు పెట్టే ఉంటారు, పురుగులకి కొట్టే ఉంటారు. ఆ చావులు నాకు కనపడవు గనక నా దోసిలి శుభ్రంగా ఉంది. ముసలాయన దోసిలి తడిసి ఉంది. మా ఇద్దరి మధ్యా ఉన్న తేడా అంతకంటే ఎక్కువేమైనా ఉందా? ఉందనే అనుకుంటాను. నొప్పి తెలిసిన గొర్రెకీ, చేలో పురుక్కీ తేడా లేదనడానికి నాకు నోరు రాదు. కానీ గద్దకి జొన్నలు చల్లి నేను పుణ్యం కట్టుకోలేను. ఈ సంగతి నాకు పుస్తకాల్లోంచి రాలేదు. ఒక పిల్లి వల్ల తెలిసింది. అది నాకు తెలియడానికి దాని కళ్ళు పోవాల్సి వచ్చింది.

మా ఇల్లు లాల్ దర్వాజాలో. గుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు. పదేళ్ళకి పైమాటే, సంక్రాంతి మర్నాడు డాబా మీద బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళిన అమ్మకి నీళ్ళ ట్యాంకు వెనక ఒక పిల్లికూన కనపడింది. వెనక కాలికి మాంజా చుట్టుకుని చర్మంలోకి దిగింది. అమ్మే కత్తెర తెచ్చి, పీచుపీచుగా కోసి తీసి, పసుపు పెట్టి, పాత చీర ముక్క కట్టింది. ఆ రోజు నుంచి అది మా ఇంటిదైపోయింది. వీధిలోకి వదిలితే కుక్కలు, బళ్ళు, మళ్ళీ మాంజా. అందుకని కిటికీలకి జాలీ కొట్టించాం. అమ్మ పాలు కలిపి అన్నం పెట్టేది, సాయంత్రం పెరుగన్నం, పండగనాడు పాయసం. పిల్లి తినేది. కాసేపు గిన్నె చుట్టూ తిరిగి, మా మొహాల్లోకి చూసి, అరిచి, చివరికి తినేది. పాలంటే ఎంత ఇష్టమో అని మురిసిపోయేవాళ్ళం. పిల్లి నాలుకకి తీపి తెలియదని, తీపిని పసిగట్టే జన్యువు పిల్లి జాతిలో చెడిపోయి ఉందని, పులికీ చిరుతకీ కూడా అంతేనని శాస్త్రవేత్తలు 2005లో బయటపెట్టిన సంగతి నేను చాలా ఆలస్యంగా చదివాను. అమ్మ అంత మురిపెంగా పెట్టిన పాయసంలో దానికి అందింది నెయ్యి కమ్మదనం ఒక్కటే.

ఏడాదిన్నర గడిచాక అది గడపకి తగులుకోవడం మొదలుపెట్టింది. ముందు పట్టించుకోలేదు. తర్వాత కిటికీ మీంచి అలమర మీదికి రోజూ దూకే దూకు తప్పి నేల మీద పడింది. కళ్ళు మాత్రం ఎప్పటికంటే అందంగా, నల్లగా, పెద్దగా కనపడేవి. ఎండలో కూడా కంటిపాప ముడుచుకునేది కాదు. దాన్ని బుట్టలో పెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన కంట్లోకి లైటు వేసి చూసి, ఏం పెడుతున్నారని అడిగాడు. అమ్మ చెప్పింది, కొంచెం గర్వంగానే. ఆయన కాసేపు ఊరుకుని, "అమ్మా, మీరు పెట్టింది తినక ఇట్లా కాలేదు. తినే ఇట్లా అయింది" అన్నాడు. చూపు తిరిగి రాదని, గుండె అయినా మిగలాలంటే ఇకనుంచి మాంసం పెట్టాలని చెప్పాడు. ఆటోలో వస్తున్నంతసేపూ అమ్మ బుట్ట మీది గుడ్డ సర్దుతూనే ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ తర్వాత నాకు దొరికినదల్లా చదివాను. టౌరిన్ అనే పదార్థం ఒకటుంది. మన ఒంట్లో కొంత అదే తయారవుతుంది. పిల్లి ఒంట్లో దానికి సరిపడా తయారు కాదు, మాంసంలోంచి, ముఖ్యంగా గుండెకాయలాంటి భాగాల్లోంచి తెచ్చుకోవాలి. 1975లో హేస్ అనే ఆయనా ఆయన తోటివాళ్ళూ ‘సైన్స్’ పత్రికలో రాశారు. పాలలో ఉండే కేసీన్ ఒక్కటే మాంసకృత్తుగా పెట్టి పెంచిన పిల్లులకి కంటి లోపలి పొర చెడి చూపు పోయిందని, టౌరిన్ లోటే దానికి కారణమని. పాలతో! ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 1987లో పాల్ పయాన్ అనే పశువైద్యుడి బృందం అదే లోటు పిల్లి గుండెని ఉబ్బించి చంపుతుందని కూడా తేల్చింది. కారెట్ తింటే మన ఒంట్లో విటమిన్ ఏ అవుతుంది, పిల్లి ఒంట్లో కాదు. దానికది కార్జంలోంచి రావాలి. కుక్క సంగతి వేరు. వేల ఏళ్ళు మన ఇళ్ళ ముందు మన మెతుకులు తిని, పిండిపదార్థాన్ని అరిగించుకునే శక్తి పెంచుకుంది. పిల్లి మాత్రం మన పక్కలో పడుకుని కూడా పులిగానే ఉండిపోయింది. మనం దాన్ని ‘మా పిల్లి’ అంటున్నాం గానీ దాని పేగులు ఎప్పుడైనా మనవయ్యాయా?

మా ఎదురింటి ఖాలాకి ఈ సంగతి తెలిసి అమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె ఎవర్నీ తప్పుపట్టే మనిషి కాదు. మెట్టు మీద కూర్చుని, పిల్లి వీపు నిమురుతూ, వాళ్ళ పెద్దలు చెప్పే ఒక కథ చెప్పింది. ఒకామె పిల్లిని ఇంట్లో కట్టి పడేసిందట. తను తిండి పెట్టలేదు, నేల మీద తిరిగే ఎలుకో పురుగో పట్టుకుని తిననియ్యనూ లేదు. పిల్లి చచ్చిపోయింది. ఆమెకి నరకం రాసిపెట్టారట. "ఖానా బీ నై దియే, ఛోడే బీ నై" అంది ఖాలా. తిండీ పెట్టలేదు, వదలనూ లేదు. హదీసుల్లో ప్రసిద్ధమైన కథ అది. ఆమె ఎవరినో ఉద్దేశించి చెప్పలేదు, మాటల్లో మాటగా వచ్చిందంతే. కానీ ఆ కథలో పిల్లికి రెండు హక్కులున్నాయని నాకు ఆ రాత్రి తట్టింది. ఒకటి, కట్టేసుకున్నవాళ్ళు దానికి తిండి పెట్టాలి. రెండోది, పెట్టకపోతే దాని వేట దాన్ని ఆడనివ్వాలి. ఆ కథ చెప్పిన నోటికి పిల్లి ఎలుకని తింటుందన్నది తప్పుగా కనపడనే లేదు. మేం జాలీలు కొట్టించి వేట మాన్పించాం, పాలన్నం పెట్టి తిండి పెట్టామనుకున్నాం. ప్రేమతోనే చేశాం. అయితే మాత్రం? జాలీకి ఇవతల ఉన్న దాని కడుపుకి ఆ ప్రేమ ఏం చెప్పి ఒప్పించగలదు?

మర్నాటి నుంచి ఖాలా రోజూ పొద్దున్నే కోడి గుండెకాయలూ కొంచెం కార్జమూ ఉప్పు లేకుండా, ఉల్లి లేకుండా ఉడికించి పంపేది. ఉడికిన నీళ్ళు పారబొయ్యొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు, టౌరిన్ నీళ్ళలోకి దిగిపోతుందట. ఆ నీళ్ళతో సహా ఒక స్టీలు గిన్నె. గిన్నె ఇంట్లోకి రాదు, వీధి మెట్టు దాకానే. మొదటి రోజు అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మొహం అవతలికి తిప్పి, పిల్లిని ఎత్తి గిన్నె దగ్గర దింపింది. కళ్ళు లేని పిల్లి ముక్కు ఎత్తి ఒక్క క్షణం ఆగింది. ఒళ్ళంతా వణికింది. తర్వాత అది తిన్న తీరు మేమెప్పుడూ చూడలేదు. ఆ ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా అది అలా గొంతులోంచి గుర్రుమంటూ, ఇంకెవరైనా లాక్కుపోతారేమోనన్నట్టు గిన్నె మీదికి వంగి తినలేదు. గిన్నె ఖాళీ అయ్యాక కూడా నాకుతూనే ఉంది. గిన్నె మెట్టు మీద జరుగుతూ జరుగుతూ అంచుకి వచ్చేసింది. అమ్మ కొంగు వదిలేసి రెండు చేతులా గిన్నె పట్టుకుంది, పడిపోకుండా. అలాగే కూర్చుంది. కాకి వస్తే అదిలించింది. పిల్లి మూతి తుడుచుకుని ఎండలోకి వెళ్ళాక గిన్నె లోపలికి చూసి, "పాపం" అంది.

ఆ "పాపం" ఎవరికని నేను చాలా రోజులు ఆలోచించాను. ఏడాదిన్నర తీరని ఆకలితో ఉన్న పిల్లికా? గుండెకాయ ఇచ్చిన కోడికా? లేకపోతే తన చేతి మీదికి వచ్చిందనుకున్న దోషమా? మన భాషలో ఈ మాట విచిత్రమైంది. జాలిపడినా అదే మాట, నేరమైనా అదే మాట. దెబ్బ తగిలినవాణ్ణి చూసి పాపం అంటాం, కొట్టినవాడికి పాపం తగులుతుందంటాం. ఒక ప్రాణి ఇంకో ప్రాణిని తినడం గురించి మాట్లాడాల్సి వస్తే ఇంతకంటే సరైన మాట నాకు దొరకలేదు. అందులో జాలినీ దోషాన్నీ విడదీయడానికి మనవాళ్ళు ఎందుకు ప్రయత్నించలేదో తెలియదు. విడదియ్యకపోవడమే మంచిదైంది.

ఆ రోజుల్లోనే నాకు అనంతామాత్యుడి ‘భోజరాజీయం’లోని ఆవు పులి కథ మళ్ళీ గుర్తొచ్చింది. తెలుగు పిల్లలెవరికీ చెప్పక్కర్లేని కథ. అడవిలో ఆవుని పులి పట్టుకుంటుంది. ఇంటి దగ్గర పాలు తాగే దూడ ఉంది, కడుపు నింపి, బుద్ధులు చెప్పి వస్తానని ఆవు మాటిస్తుంది. వస్తుంది. దాని సత్యానికి పులి కరిగిపోయి తినకుండా వదిలేస్తుంది. మా బళ్ళో ఈ పాఠం చెప్పినప్పుడు క్లాసంతా కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. కానీ గంట కొట్టాక నా నాలుక చివర ఒక ప్రశ్న మిగిలింది, టీచర్ని అడగడానికి ధైర్యం చాలలేదు. ఆ రాత్రి పులి ఏం తిన్నట్టు? ఇంకో ఆవునా? మాటివ్వడం చేతగాని జింకనా? పులికీ ఇంటి దగ్గర కూనలుంటే? కన్నడ దేశంలో ఇదే కథని పాటగా పాడతారు, అక్కడ పులి పశ్చాత్తాపంతో ప్రాణం తీసుకుంటుంది. వాళ్ళు నా ప్రశ్నకి జవాబు చెప్పారన్నమాట. పులి మంచిదవ్వాలంటే చచ్చిపోవాలి. ఆ జవాబు విన్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. ఆకలి వేసినందుకు ఒక జీవి సిగ్గుపడి చావాలా?

ఎవర్నీ చంపకుండా మాంసం తినే జీవి కూడా ఉంది, రాబందు. చచ్చిన గొడ్డుని తిని ఊరు శుభ్రం చేసిపోయేది. దాని తిండిలో ఎవరి హింసా లేదు. అయినా దాన్నీ మనం బతకనివ్వలేదు. పశువులకి నొప్పి తగ్గడానికి వేసిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల్లో మిగిలి, తిన్న రాబందుల మూత్రపిండాలు పాడైపోయి, 1990ల నుంచి అవి గుంపులు గుంపులుగా రాలిపోయాయి. కారణం 2004లో తేలింది. పశువులకి ఆ మందు వాడకాన్ని మన దేశం 2006లో నిషేధించింది. పశువు మీద కరుణతో వేసిన సూదే పక్షిని చంపింది. ఆ సూది వేసినవాళ్ళని తప్పుపట్టే మనసు నాకు లేదు. మా అమ్మ పాలన్నం గిన్నె కూడా అలాంటిదే కదా. మిగిలిన కొద్ది రాబందుల్ని పెంచి సంతతి పెంచే కేంద్రాల్లో ఒకటి మా పాతబస్తీ జూలోనే ఉంది. వాటికి మాంసం కావాలి, అదీ మందు లేని మాంసం.

జూ అంటే మాకు దూరమేం కాదు. బహదూర్‌పురా, మీర్ ఆలం చెరువు ఒడ్డున 380 ఎకరాలు. 1963 అక్టోబరు 6న తెరిచారు. అంతకుముందు జంతువులు బాగే ఆంలో ఉండేవని మా తాతయ్య చెప్పేవాడు. ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు గానీ సింహం తింటుండగా ఒక్కసారి కూడా చూడలేదు. ఏనుగు చెరుకు తింటే చూస్తాం, కోతి అరటిపండు ఒలిస్తే పిల్లలు చప్పట్లు కొడతారు. పులికీ సింహానికీ మాత్రం జనం కంట పడకుండా, వెనక గదుల్లో పెడతారు. పెద్దపులికి మన జూలలో రోజుకి 8 నుంచి 12 కిలోల దాకా మాంసం పడుతుంది, ఎక్కువగా దున్నమాంసం. మా ఊరి మాటలో పెద్దకూర. అడవిలో రోజూ వేట దొరకదు గనక వారానికి ఒక రోజు పస్తుంచడం కూడా ఆనవాయితీ. ఎముక లేని మెత్తటి ముక్కలే పెడితే సున్నం చాలక కూనల కాళ్ళు వంకరపోతాయి, అందుకని ఎముకతో సహా పెట్టాలి. ఇదంతా గోడ వెనక జరుగుతుంది. గోడ ముందు మనం చూసేది కడుపు నిండి పడుకున్న సింహాన్ని. 2021 మే మొదట్లో ఈ జూలోని 8 ఆసియా సింహాలకి కరోనా సోకిందని మా ఊరి సీసీఎంబీ పరిశోధనశాల పరీక్షల్లో తేలినప్పుడు మా గల్లీలో ఎవరు ఎదురుపడ్డా అవే అడిగారు. చికిత్సకి తట్టుకుంటున్నాయి, బాగానే తింటున్నాయి అని ప్రభుత్వం ప్రకటిస్తే ఊరు ఊపిరి పీల్చుకుంది. బాగానే తింటున్నాయి అన్న మాటకి అంత సంతోషపడ్డ మనం, ఏం తింటున్నాయని అడగలేదు. అడిగి ఉంటే ఒక దున్న గురించి కూడా మాట్లాడుకోవాల్సి వచ్చేది.

గువాహటిలో అడిగారు. 2020 అక్టోబరు 12న అక్కడి జూకి గొడ్డుమాంసం తెస్తున్న బండ్లని కొందరు దారిలో ఆపేశారు. పులులకి అది పెట్టొద్దు, జూలోనే ఎక్కువైపోయిన కణుజు జింకల మాంసం పెట్టండి అన్నారు. ఆవు మీద వాళ్ళకున్న భక్తిని నేను శంకించను, మా ఇంట్లోనూ ఆవుకి మొదటి రొట్టె పెట్టేవాళ్ళున్నారు. కానీ కణుజు ఏం పాపం చేసింది? మనకి పూజ్యమైనది ఒకటి, పరాయిది ఒకటి అని ప్రాణుల్ని మనం పంచుకుంటే, ఆ పంపకంలో పులి ఆకలి ఎక్కడికి పోతుంది? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా ఇక్కడ కొంత తడబడినట్టు నాకనిపిస్తుంది. పెంచుకునే జంతువుకి చాలినంత తిండి పెట్టకపోవడం నేరమంది. వినోదం కోసం ఒక జంతువుని ఇంకో జంతువుకి ఎరగా కట్టడం నేరమంది. రెండూ గొప్ప మాటలు. మనుషుల తిండికోసం కొయ్యడాన్ని, అనవసరమైన బాధ పెట్టనంతవరకూ, మినహాయించింది. ఆ మినహాయింపు రాసిన చోట మనిషి తిండి మాటే ఉంది, సింహం తిండి మాట లేదు.

చిత్రమేమిటంటే ఈ తగువు మనకి కొత్తది కాదు. వ్యాసభారతం అరణ్యపర్వంలో డేగ తరిమితే పావురం వచ్చి రాజు ఒడిలో పడుతుంది. ఒకచోట ఆ రాజు ఉశీనరుడు, మనం శిబి అని చెప్పుకుంటాం. కథ మనకి గుర్తున్నది తొడ కోసి తక్కెడలో పెట్టిన దగ్గర నుంచే. దానికి ముందు డేగ మాట్లాడిన మాటలు మనం పిల్లలకి చెప్పం. నన్ను ఆకలితో చంపితే నా భార్యా పిల్లలూ చస్తారు, ఒక్క ప్రాణం కాపాడి ఇన్ని ప్రాణాలు తీస్తావా, అది ధర్మమెలా అవుతుంది అని అడుగుతుంది డేగ. రాజు ఏమన్నాడో తెలుసా? ఎద్దునో, పందినో, జింకనో, దున్ననో వండించి పెడతానన్నాడు! ఒడిలోకి వచ్చిన పావురం మీద అంత దయ గల రాజుకి, ఒడిలోకి రాని దున్న గుర్తురాలేదు. కంటి ముందున్నదాన్ని కాపాడి కంట పడనిదాన్ని ఇచ్చెయ్యడం రాజుల కాలం నుంచీ మన చేతికి అలవాటైన పనే. అయినా ఆ రాజు దగ్గర నేను తల వంచేది ఇంకో సంగతికి. డేగతో నువ్వు గింజలు తినడం నేర్చుకో అని ఒక్కసారి కూడా అనలేదు. దాని ఆకలిని ఆకలిగానే ఒప్పుకున్నాడు, చివరికి లెక్క తన ఒంట్లోంచి కట్టాడు. ఆ తర్వాత డేగ ఇంద్రుడైపోయింది, పావురం అగ్ని అయిపోయింది. అక్కడే నాకు మళ్ళీ వెలితి. పులి కథలోనూ అంతే, డేగ కథలోనూ అంతే, చివరికి వచ్చేసరికి ఆకలి మాయమైపోతుంది. నయాపుల్ మీద గద్ద దేవుడుగా మారదు. రేపు పొద్దున మళ్ళీ దానికి ఆకలేస్తుంది.

ఢిల్లీలో ఇద్దరు అన్నదమ్ములు ఈ రేపు పొద్దున సంగతిని నెత్తిన వేసుకున్నారు. నదీమ్ షహజాద్, మొహమ్మద్ సౌద్. చిన్నతనంలో దెబ్బతగిలిన గద్ద ఒకటి దొరికితే చాందినీ చౌక్ పక్షుల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. జైనులు ఎంతో కరుణతో నడిపే చోటు అది, కానీ మాంసం తినే పక్షిని ఉంచుకోలేమన్నారు. వాళ్ళ వ్రతానికి వాళ్ళు కట్టుబడ్డారు, ఆ గోడల మధ్య మాంసం కొయ్యలేరు. దాన్ని నేను అర్థం చేసుకోగలను, మా ఇంటి గడప కూడా అలాంటిదే కదా. ఆ అన్నదమ్ములు 2010లో తమ సొంత చోట గద్దల కోసమే సంస్థ పెట్టి, మాంజా రెక్కల్ని కోసేసిన పక్షుల్ని వేలకొద్దీ బాగుచేశారు. శౌనక్ సేన్ వాళ్ళ మీద తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ 2022లో వచ్చింది. అందులో వాళ్ళు చిన్న గదిలో మిషను పెట్టుకుని ఖైమా కొడుతూ ఉంటారు, అది చెడిపోతే బాగుచేసుకుంటారు. ఆ ఖైమా కొట్టడం చూస్తుంటే నాకు మా మెట్టు మీద గిన్నె పట్టుకున్న అమ్మ చేతులు గుర్తొచ్చాయి.

దీనికి ఇంకో దారి వస్తుందేమోనని ఆశ కూడా లేకపోలేదు. జంతువుని చంపకుండా దాని కణాల్లోంచి మాంసం పెంచే పరిశోధనకి 2019లో కేంద్రం డబ్బిచ్చిన చోట్లు మన ఊళ్ళోనే ఉన్నాయి, సీసీఎంబీ, చెంగిచెర్లలోని మాంస పరిశోధన కేంద్రం. దాన్ని అహింసా మాంసమన్నారు. ఇంగ్లండులో 2025 ఫిబ్రవరిలో అలా పెంచిన కోడిమాంసం కలిపిన కుక్కల తిండి దుకాణంలోకి వచ్చింది. టౌరిన్‌ని ఫ్యాక్టరీల్లో చెయ్యడం ఎప్పటినుంచో ఉన్నదే, ప్యాకెట్ల మేతలో కలుపుతున్నది అదే. మరి పిల్లికి కావలసింది టౌరినా, చావా? టౌరినే. ఆ లెక్క సరిగ్గా కుదిరి, పిల్లి ఒంటికి పట్టిందని డాక్టర్లు తేల్చి చెప్పగలిగిన రోజు వస్తే ముందు వరసలో నిలబడేదాన్ని నేనే. కానీ ఆ రోజు వచ్చేదాకా, దాని కళ్ళు పణంగా పెట్టి నా వ్రతం చెల్లించుకునే హక్కు నాకు లేదు. జెఫ్ మక్‌మహన్ అనే తత్వవేత్త 2010లో ఇంకా ముందుకెళ్ళి, వేటాడే జంతువులే లేని లోకం అయితే మంచిదేమోనని ఆలోచించాడు. నొప్పి మీద ఆయనకున్న బాధ నిజమైనదే. కానీ అమ్రాబాద్ అడవిలో పులి లేని రాత్రిని ఊహించుకుంటే నాకు ఊపిరాడలేదు. ఏడాదికి దగ్గర దగ్గర 50 జింకలంత మాంసం తినే ఆ జీవిని దాని తిండి కోసం లోకంలోంచి తీసెయ్యాలనడం, కన్నడ పాటలో పులి చావు లాంటిదే కదా.

మా పిల్లి కళ్ళు లేకుండానే ఇంకో ఆరేళ్ళు బతికింది. గుండె నిలిచింది. ఆ ఆరేళ్ళూ గిన్నె మెట్టు మీదే ఉంది.

పోయిన చలికాలం మా తమ్ముడి కొడుకుని తీసుకుని అమ్మా నేనూ జూకి వెళ్ళాం. వాడికి ఆరేళ్ళు. సింహం నీడలో పడుకుని ఉంది, పక్కటెముకలు మెల్లగా లేస్తూ పడుతున్నాయి. నా చిన్నప్పుడు లాల్ దర్వాజా సింహవాహిని గుళ్ళో బోనాలనాడు అమ్మవారి సింహాన్ని చూపించి ఇది ఏం తింటుందమ్మా అని నేను అడిగాను. "అమ్మవారి సింహం బిడ్డా, దానికి ఆకలి ఉండదు" అంది అమ్మ. ఇప్పుడు వాడు కమ్మీ పట్టుకుని అదే అడిగాడు.

"నానమ్మా, ఇది ఏం తింటది?"

"మాంసం నాన్నా. పెద్దకూర. లోపల పెడతరు, మనకు కనపడదు."

"పెద్దకూర అంటే?"

"దున్నది."

వాడు చాలాసేపు సింహాన్ని చూశాడు. తర్వాత నానమ్మ వేలు పట్టుకుని, "పాపం దున్న" అన్నాడు.

"పాపమే" అంది అమ్మ. వాడి స్వెట్టరు గుండీ పెట్టింది. "దాని గిన్నె కడుగుతరో లేదో" అంది, సింహం వైపు చూస్తూ.